వజ్రమూ కార్బనే, పెన్సిల్ ముల్లూ కార్బనే

వజ్రం కాలిపోతుంది. గాలి తగిలేలా ఉంచి 800 డిగ్రీల పైచిలుకు వేడి చేస్తే చాలు, నిప్పంటుకుని, బొగ్గు కాలితే వచ్చే వాయువునే ఇస్తూ, నెమ్మదిగా తరిగి కనుమరుగవుతుంది. కోహినూరైనా అంతే.

ఈ సంగతి తెలిసినప్పటినుంచీ కనిపించినవాళ్లందరికీ చెబుతున్నాను. నేను చదివింది కామర్స్. రసాయన శాస్త్రంతో నా పరిచయం పదో తరగతి పరీక్షతోనే తెగిపోయింది. వజ్రం, గ్రాఫైట్ రెండూ కార్బన్ రూపాలేనని అప్పట్లో రెండు మార్కుల ప్రశ్నకు జవాబు రాసే ఉంటాను. రాశానే గాని అదెంత ఆశ్చర్యమో ఆనాడు తట్టలేదు. ఈమధ్య మా అమ్మాయి ఇంటర్ పుస్తకంలో రసాయన బంధం పాఠం తీసి ఊరికే చదవడం మొదలుపెట్టాను. ఆ పాఠం నన్ను లైబ్రరీకి నడిపించింది, అక్కడినుంచి ఇంకో పుస్తకానికి, ఇంకో పుస్తకానికి. ఇంత గొప్ప విషయాన్ని పక్కనే పెట్టుకుని ఇన్నేళ్లు బతికామా అనిపిస్తోంది.

మొదట ఆ కాల్చిన కథ చెప్పాలి. 1690లలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, అక్కడి పాలకుడు మూడో కోసిమో కోసం ఇద్దరు పండితులు పెద్ద భూతద్దంతో సూర్యకాంతిని ఒక వజ్రం మీదికి మళ్లించారు. వజ్రం మాయమైపోయింది! ఎక్కడికి పోయిందో వాళ్లకు అంతు చిక్కలేదు. 1772లో పారిస్‌లో లావోయిజర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. మూసిన గాజుపాత్రలో వజ్రాన్ని కాల్చి, లోపలి గాలిని సున్నపు తేట మీదికి పంపితే తేట పాలలా తెల్లబడింది. బొగ్గు కాల్చినా అలాగే తెల్లబడుతుంది. అయినా వజ్రం, బొగ్గు ఒకటేనని ఖాయంగా చెప్పడానికి ఆయన సాహసించలేదు. ఆ పని 1797లో స్మిత్‌సన్ టెనాంట్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త చేశాడు. బంగారు గొట్టంలో సురేకారంతో కలిపి వజ్రాన్ని కాల్చి, వచ్చిన వాయువును కొలిచాడు. అంతే బరువు బొగ్గును కాల్చితే ఎంత వాయువు వస్తుందో సరిగ్గా అంతే వచ్చింది. వజ్రంలో బొగ్గు తప్ప ఇంకేమీ లేదు.

ఇక్కడే నాకు బుర్ర తిరిగింది. వజ్రంలోనూ పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్‌లోనూ ఉన్నది ఒకటే అయితే, ఒకటి గాజును కోసేంత గట్టిగా, ఇంకొకటి కాగితం మీద రాస్తే అరిగిపోయేంత మెత్తగా ఎందుకున్నాయి? ఒకటి నీళ్లలా తేటగా, ఇంకొకటి నల్లగా ఎందుకున్నాయి? ఒకటి కరెంటును అడ్డుకుంటుంది, ఇంకొకటి పారనిస్తుంది. ఏ గుణంలోనూ పొంతన లేని ఈ రెండింటిలో ఒకే పరమాణువు ఉందంటే, గట్టిదనం కార్బన్ గుణం కాదన్న మాట. నలుపూ కార్బన్ గుణం కాదు. మనం వస్తువు గుణం అనుకునేది పరమాణువుల లోపల లేదు. అది వాటి మధ్యన ఉంది. ఏది ఎవరితో, ఎన్ని బంధాలతో, ఏ కోణంలో కలిసింది అన్నదాంట్లో ఉంది. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదొక్కటే. తక్కినదంతా దాని వైభవం.

కార్బన్ పరమాణువు బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లుంటాయి. పక్క పరమాణువుతో ఒక్కో ఎలక్ట్రాన్‌ను పంచుకుంటే ఒక బంధం. వజ్రంలో ప్రతి కార్బనూ నాలుగు ఎలక్ట్రాన్లనూ నలుగురు పొరుగువారితో పంచుకుంటుంది. ఆ నాలుగు బంధాలూ ఒకదానికొకటి వీలైనంత దూరంగా, 109.5 డిగ్రీల కోణంలో, నాలుగు దిక్కులకు విచ్చుకుంటాయి. ఆ పొరుగువాటిలో ప్రతిదానికీ మళ్లీ నలుగురు పొరుగువారు. ఇలా పైకీ కిందికీ పక్కలకీ, రాయి అంచు వచ్చేదాకా, ఎక్కడా తెగకుండా, ఎక్కడా వదులు లేకుండా అదే అల్లిక. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో దీన్ని తేల్చారు. పొరుగు పరమాణువుల మధ్య దూరం ఒక మిల్లీమీటరులో కోటి వంతుకు ఒకటిన్నర రెట్లు.

దీని అర్థం ఏమిటో కాసేపు నిలిచి ఆలోచించండి. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. అంత వజ్రంలో ఒకటి పక్కన ఇరవై రెండు సున్నాలు పెడితే వచ్చినన్ని కార్బన్ పరమాణువులుంటాయి. అవన్నీ ఒకదానితో ఒకటి నిజమైన రసాయన బంధాలతో కలిసి ఉన్నాయి. అంటే అది మొత్తం ఒకే ఒక అణువు! అణువు అనగానే కంటికి ఆననిది అనుకుంటాం. ఉంగరంలో పొదిగిన రాయి ఒక అణువు. వేలికి పెట్టుకుని తిరిగే అణువు!

ఆ అల్లిక తెలిశాక వజ్రం గుణాలన్నీ ఒక్కొక్కటే వాటంతట అవే విడిపోతూ వస్తాయి. గీయాలంటే బంధాలు తెంచాలి, ఏ దిక్కున గీసినా లెక్కలేనన్ని తెంచాలి. అందుకే అంత గట్టిదనం. ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లో బందీలు, తిరగడానికి ఒక్కటీ ఖాళీ లేదు. అందుకే కరెంటు పారదు. ఆ బందీలను కదిలించాలంటే కంటికి కనిపించే వెలుగుకున్న శక్తి చాలదు, కాబట్టి వెలుగు దేన్నీ తాకకుండా నేరుగా దాటిపోతుంది. అందుకే ఆ తేటదనం. గట్టిదనానికీ తేటదనానికీ కారణం ఒకటేనని నేనెన్నడూ ఊహించలేదు.

వేడి సంగతి ఇంకా విచిత్రం. రాగి వేడిని బాగా మోస్తుందని వంటింట్లో అందరికీ తెలుసు, అక్కడ మోసేది స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. వజ్రంలో అలాంటివి లేవు కదా, మరి వేడి మోయకూడదు. కాని వజ్రం రాగికి దాదాపు అయిదు రెట్లు ఎక్కువగా మోస్తుంది! ఎలాగంటే, పరమాణువులు తేలిక, బంధాలు బిగువు. ఒక చివర కంపనం పుడితే ఆ బిగువు మీదుగా అవతలి చివరకు క్షణంలో చేరిపోతుంది. శబ్దం గాలిలో సెకనుకు మూడో వంతు కిలోమీటరు పోతే, వజ్రంలో 18 కిలోమీటర్ల దాకా పోతుంది. నగల దుకాణంలో పెన్నులాంటి పరికరం మొన రాయికి తాకించి అసలుదా నకిలీదా చూస్తారే, అది కొలిచేది ఈ గుణాన్నే. మొనలోని వేడిని రాయి ఎంత తొందరగా లాగేసుకుందో చూస్తుందది. గాజు ముక్క అక్కడే దొరికిపోతుంది.

ఆ బిగువును కొలిచినవాళ్లలో మన వాల్తేరు వాళ్లున్నారని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు సి.వి. రామన్ దగ్గర పనిచేసి, 1930లోనే వజ్రం మీద రామన్ ఫలితాన్ని, అంటే పడిన వెలుగు పరమాణువుల కంపనాల వల్ల కొద్దిగా రంగు మారి చెదరడాన్ని, పరిశీలిస్తూ పత్రాలు ప్రచురించారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా 1940లలో జె. భీమసేనాచార్‌తో కలిసి, చెవికి వినపడని అతిధ్వని తరంగాలను వజ్రంలోకి పంపి, అది ఎటు నొక్కితే ఎంత లొంగుతుందో చెప్పే స్థితిస్థాపక స్థిరాంకాలను కొలిచారు. రాయిని ఏమీ చేయకుండా, దాని గుండా పోయే శబ్దాన్ని బట్టి దాని లోపలి బంధాల బిగువు లెక్కకట్టడం! విశాఖ సముద్రం ఒడ్డున కూర్చుని! మన బడిపిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

రామన్ ఫలితంలో వజ్రానికి 1332 అనే అంకె దగ్గర ఒకే ఒక్క పదునైన గీత వస్తుంది. బంధాలన్నీ ఒకేలాంటివి కాబట్టి, ఒకటే గీత. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇక గోల్కొండ. ప్రపంచం వజ్రాల కోసం మన కృష్ణా తీరానికి వచ్చిన రోజులున్నాయి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ పదిహేడో శతాబ్దంలో కొల్లూరు గనికి వచ్చి, అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. ఈ చరిత్ర అందరమూ విన్నదే. వినని సంగతి ఏమిటంటే, ఆ వజ్రాలకు అంత పేరు ఎందుకొచ్చిందో కూడా బంధాలే చెబుతాయి.

భూగర్భంలో వజ్రం తయారయ్యేటప్పుడు అక్కడక్కడా కార్బన్ స్థానంలో నత్రజని పరమాణువు దూరుతుంది. నత్రజనికి బయటి ఎలక్ట్రాన్లు అయిదు. నాలుగు బంధాల్లో కలిసిపోగా ఒకటి మిగిలిపోతుంది. ఆ మిగిలినది వెలుగులోని నీలాన్ని కొంత మింగేస్తుంది, రాయి పసుపుగా కనిపిస్తుంది. చాలా వజ్రాల్లో ఎంతో కొంత నత్రజని ఉంటుంది. అసలు లేనట్టే ఉన్నవి నూటికి ఒకటి రెండు. కోహినూరు ఆ కోవది. ఈ స్వచ్ఛమైన రాళ్లకే నేటికీ వజ్రాల వ్యాపారంలో గోల్కొండ పేరు చెబుతారు. నత్రజనికి బదులు బోరాన్ దూరితే ఇంకో తమాషా. దానికి బయటి ఎలక్ట్రాన్లు మూడే. ఒక చోట ఒక ఎలక్ట్రాన్ లోటు. ఆ లోటు ఎర్రని వెలుగును మింగి రాయికి నీలిరంగు ఇస్తుంది. అంతేనా, ఆ లోటు ఒక చోటినుంచి ఇంకో చోటికి కదులుతుంది కాబట్టి ఆ వజ్రంలో కరెంటు కూడా పారుతుంది! వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం, 45.52 క్యారెట్లది, కొల్లూరు గనిలోనే దొరికిందని నమ్మేది, అలాంటి నీలి రాయి. దాని మీద అతినీలలోహిత కాంతి వేసి దీపాలార్పితే కాసేపు నిప్పుకణంలా ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. పది లక్షల కార్బన్లలో ఒక్క బోరాన్, ఆ మాత్రం కలిస్తే చాలు, ఇన్ని మారిపోతాయి.

వజ్రం పగలదని కొందరి నమ్మకం. గట్టిదనం వేరు, పగలకపోవడం వేరు. అల్లికలో కొన్ని తలాలున్నాయి, వాటి మీదుగా చీలిస్తే తెగే బంధాలు తక్కువ. ఆ దిక్కున సరిగ్గా ఒక దెబ్బ వేస్తే వజ్రం నిలువునా చీలుతుంది. సానపట్టేవాళ్లు ఈ రహస్యం మీదే శతాబ్దాలుగా బతికారు. సాన కూడా అంతే. గట్టిదనం అన్ని దిక్కులా ఒక్కలా ఉండదు. వజ్రపు పొడిలో రేణువులు అన్ని వైపులకూ తిరిగి ఉంటాయి కాబట్టి, గట్టి వైపు ఉన్న రేణువులు మెత్తని వైపును అరగదీస్తాయి. వజ్రాన్ని వజ్రంతోనే కోయడంలోని కిటుకు ఇది.

ఇప్పుడు పెన్సిల్ ముల్లు దగ్గరికి రండి. అందులో ఉన్నది గ్రాఫైట్, కాస్త బంకమట్టి. ఇక్కడ ప్రతి కార్బనూ ముగ్గురు పొరుగువారితోనే కలుస్తుంది, 120 డిగ్రీల కోణంలో, ఒకే తలంలో. షట్కోణాలు షట్కోణాలుగా పరుచుకుపోయిన రేకు తయారవుతుంది, మందం ఒక్క పరమాణువు. ఆత్రేయపురం పూతరేకులు దొంతరగా పేర్చినట్టు ఆ రేకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రేకులో పరమాణువుల మధ్య ఉన్న దూరానికి రెండు రెట్లకు పైగా దూరం రేకుకూ రేకుకూ మధ్య ఉంది. అక్కడ పంచుకున్న ఎలక్ట్రాన్లు లేవు, వాండర్ వాల్స్ బలాలనే బలహీనమైన ఆకర్షణ ఉంది. కాగితం మీద ముల్లు రాస్తే రేకులు విడివడి అంటుకుపోతాయి. రాత అంటే అదే.

ఇంతవరకు పుస్తకం చెప్పింది బాగానే ఉందనుకుంటూ ఉండగా తర్వాతి వాక్యం నన్ను ఆపేసింది. గ్రాఫైట్ రేకులోని బంధం వజ్రంలోని బంధం కంటే బలమైనది! వజ్రంలో పరమాణువుల మధ్య దూరం 154 పికోమీటర్లు, రేకులో 142. ఇందాకటి 1332 గుర్తుందా? గ్రాఫైట్‌కు ఆ అంకె సుమారు 1580. బంధం ఎంత బిగువైతే కంపనం అంత వేగం, అంకె అంత పెద్దది. చూశారా, పెన్సిల్ ముల్లు మెత్తనిది, కాని దాని బంధాలు వజ్రం బంధాలను మించినవి. మెత్తదనమంతా బంధం లేని ఆ మూడో దిక్కున ఉంది. బలమైన బంధాలుంటే చాలదు, అవి అన్ని దిక్కులా ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

మూడు బంధాలు పోగా ప్రతి కార్బన్ దగ్గరా ఒక ఎలక్ట్రాన్ మిగిలింది. అది ఎవరికీ సొంతం కాదు, రేకంతా దానిదే. అందుకే గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది, రేకు వెంబడి ధారాళంగా, రేకులకు అడ్డంగా మాత్రం ఎంతో కష్టంగా. అన్ని రంగుల వెలుగునూ ఆ ఎలక్ట్రాన్లు అందుకుంటాయి కాబట్టి అది నలుపు. మీ జేబులోని ఫోన్ బ్యాటరీ కూడా ఈ రేకుల మధ్య ఖాళీ మీదే నడుస్తోంది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ రేకుల సందుల్లోకి వెళ్లి కూర్చుంటాయి, ఆరు కార్బన్లకు ఒక లిథియం లెక్కన. వాడుతున్నకొద్దీ బయటికి వస్తాయి. బంధం లేని చోటు కూడా పనికొచ్చింది.

రేకులు ఊరికే జారిపోతాయనుకుంటాం గాని అందులోనూ ఒక మలుపుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు చాలా ఎత్తుకు ఎగిరినప్పుడు వాటి జనరేటర్లలోని కార్బన్ బ్రష్షులు చూస్తుండగానే అరిగి పొడైపోయేవి. అంత ఎత్తున గాలిలో తేమ లేదు. గ్రాఫైట్ నున్నగా జారడానికి దాని ఉపరితలాన్నీ అంచులనూ పట్టుకున్న నీటి అణువులు కావాలని అలా తేలింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టిన నిజం ఇంకొకటి ఉంది. మనం బతికే ఈ గాలిపీడనంలో, ఈ వేడిమిలో, కార్బన్‌కు నిలకడైన రూపం గ్రాఫైట్. వజ్రం కాదు. లెక్క ప్రకారం ప్రతి వజ్రమూ గ్రాఫైట్‌గా మారిపోవాలి. మారకపోవడానికి కారణం, మారాలంటే ముందు ఆ నాలుగు దిక్కుల బంధాలు తెగాలి, ఆ అడ్డు దాటే శక్తి మామూలు వేడిలో లేదు. గాలి తగలకుండా 1700 డిగ్రీలు దాటించి చూస్తే ఎంత అపురూపమైన రాయైనా నల్లబడిపోతుంది.

అనంతపురం జిల్లా వజ్రకరూరు, కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి వానలు పడగానే జనం కుటుంబాలతో సహా వచ్చి తలలు వంచుకుని నేలంతా వెతుకుతారు. ఏటా పేపర్లో వచ్చే వార్తే. ఆ రాళ్లు నూట యాభై కిలోమీటర్ల లోతున, వజ్రమే నిలకడైన రూపంగా ఉండే పీడనంలో పుట్టాయి. కింబర్లైట్ అనే శిలాద్రవం వాటిని వేగంగా పైకి తెచ్చింది. ఆ రావడం తీరిగ్గా జరిగి ఉంటే దారిలోనే గ్రాఫైట్ అయిపోయేవి. చేలో రైతుకు దొరికే ఆ చిన్న రాయి, మారిపోవడానికి వ్యవధి దొరకని కార్బన్.

ఇదంతా కార్బన్‌కే సొంతమా అని వెతికితే, ఎక్కడ చూసినా ఇదే కథ. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్. ఆవర్తన పట్టికలో కార్బన్‌కు సరిగ్గా కింద గడిలో సిలికాన్. దాని ఆక్సైడ్ కూడా వాయువే అయి ఉండాలి కదా! అది ఇసుక. 1700 డిగ్రీల దాకా కరగని క్వార్ట్జ్. కార్బన్ రెండు ఆక్సిజన్లతో జంట బంధాలు వేసుకుని అంతటితో సరిపెట్టుకుంటుంది. చిన్న అణువు, ఎవరితోనూ పని లేదు, గాలిలో తిరుగుతుంది. సిలికాన్‌కు అలా కుదరదు. నాలుగు ఆక్సిజన్లను పట్టుకుంటుంది, ఒక్కో ఆక్సిజన్ ఇంకో సిలికాన్‌ను పట్టుకుంటుంది, అల్లిక ఎక్కడా ఆగదు. ఒకటి ఊపిరి, ఒకటి సముద్రతీరం.

1985లో కార్బన్‌కు కొత్త రూపం దొరికింది, అరవై పరమాణువులు కలిసిన గుండ్రని గూడు. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ మామూలు అతుకు టేపుతో గ్రాఫైట్ నుంచి ఒక్క రేకును విడదీసి గ్రాఫీన్‌ను చేతికి తెచ్చారు. రెండింటికీ నోబెల్ బహుమతులు వచ్చాయి. వాటి గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి, తప్పకుండా రాస్తాను.

ఇప్పటికి మీరు ఒక పని చేయండి. ఇంట్లో పిల్లలుంటే కూర్చోబెట్టుకుని మరీ చేయండి. 6బి లాంటి ముదురు పెన్సిల్‌తో తెల్లకాగితం మీద రెండు మందపాటి పట్టీలు, మధ్యలో కొద్దిగా ఎడం ఉంచి, నొక్కి నొక్కి నల్లగా దిద్దండి. ఒక పట్టీ చివర 9 వోల్టుల బ్యాటరీ ఒక కొస, రెండో పట్టీ చివర ఇంకో కొస ఆనేలా పెట్టండి. ఆ ఎడం మీద చిన్న ఎల్ఈడీ బల్బు కాళ్లు చెరో పట్టీకి తాకించండి, పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. బల్బును నేరుగా బ్యాటరీకి మాత్రం కలపకండి, మాడిపోతుంది. కాగితం మీది గీత గుండా కరెంటు పారి బల్బు వెలుగుతుంది. కాళ్లను బ్యాటరీకి దగ్గరగా జరిపితే వెలుగు పెరుగుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది. కాగితం మీది గీతలో కరెంటు ఎలా పారిందని పిల్లలు అడిగితే, ప్రతి కార్బన్ దగ్గరా మిగిలిపోయిన ఆ నాలుగో ఎలక్ట్రాన్ సంగతి చెప్పండి.